నాలుగేళ్ళ నీడ

ముప్పై కుటుంబాల ఇళ్ళకు తనంత తానుగా వస్తున్న సూర్యుణ్ణి గుమ్మం దాకా రానిచ్చి, వెనక్కి తిప్పి పంపిన మనిషి ఎవరైనా ఉంటాడా అని మీరు అడగవచ్చు. ఉన్నాడు. ఈ ముక్కలు రాస్తున్నది వాడే. పోనీ ఆ పని ఏ నిద్రమత్తులోనో చేశానా అంటే అదీ కాదు. రోహిణి కార్తె ఎండలో, నెత్తి మీద తడి తువ్వాలు వేసుకుని, చేత్తో కర్ర పట్టుకుని, పూర్తి శాస్త్రీయంగా చేశాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి గానీ, మా కాలేజీ పిల్లలకు మాత్రం చెప్పకండి.

ఊరి పేరు చెప్పను. రాజాంలో బస్సెక్కితే కండక్టరు అందరికీ టిక్కెట్లు కొట్టేలోగా వచ్చేస్తుంది, అంతవరకు చాలు. అక్కడి జూనియర్ కాలేజీలో అప్పుడే కొత్తగా ఫిజిక్సు లెక్చరరుగా చేరాను. ఇరవయ్యారేళ్ళ వయసు. ప్రపంచంలో ఉన్న జ్ఞానంలో సగం నా దగ్గర ఉందని, మిగతా సగం సెలవుల్లో చదివేస్తానని నమ్మకం. పేరు చూస్తే సూర్యనారాయణ. మా జిల్లాలో ఆ పేరుతో వీధికి నలుగురు దొరుకుతారు కాబట్టి అందులో నా ప్రత్యేకత ఏమీ లేదు.

ఆ ఏడాది మా మున్సిపాలిటీ ఒక మంచి పని తలపెట్టింది. సొంత మేడలున్నవాళ్ళు అప్పటికే ఎవరి మేడ మీద వాళ్ళు సోలార్ పలకలు పెట్టించుకుంటున్నారు. మరి అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళ మాటేమిటి? పెంకుటిళ్ళవాళ్ళ మాటేమిటి? వాళ్ళకూ ఎండ అదే కదా. అందుకని వార్డులోని కమ్యూనిటీ హాలు డాబా మీద అందరికీ ఉమ్మడిగా పలకలు బిగించి, వచ్చిన కరెంటును ఆ కుటుంబాల బిల్లుల్లో సమానంగా తగ్గించాలని తీర్మానించారు. ముందుగా రెండు వార్డుల్లో పెట్టి సంక్రాంతి దాకా చూస్తారు. బాగుంటే ఊరంతా. బాగోకపోతే అంతటితో సరి. ఆ రెండింటిలో మా వార్డు ఒకటి.

వార్డుకు ఒక 'సౌర మిత్ర' కావాలన్నారు. జనానికి అర్థమయ్యేలా చెప్పాలి, పలకలు పెట్టేటప్పుడు దగ్గరుండాలి, ప్రతి నెలా రీడింగు రాయాలి. వార్డు సభలో ఈ మాట అనగానే అందరి తలలూ నా వైపు తిరిగాయి. నా తల అంతకుముందే వినయంగా కిందికి వంగి, ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూస్తోంది.

రెండు రోజులు విజయనగరంలో శిక్షణ ఇచ్చారు. ఒక పుస్తకం, ఒక సంచి, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. ఆ కార్డు మెడలో వేసుకుని కూరగాయలకు కూడా వెళ్ళేవాణ్ణి. పుస్తకంలో నాలుగో పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంది: మన దేశంలో పలకలు దక్షిణం వైపు చూసేలా బిగించాలి. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే వాక్యం. నాకే అర్థం కాలేదు. నేను లెక్చరర్ని కదా.

పుస్తకంలో ఉన్నది గుడ్డిగా నమ్మకూడదు, ప్రయోగం చేసి చూడాలి అని నేను క్లాసులో రోజూ చెప్పే మాట. అది మంచి మాటే. ఆ మాట ప్రకారం ఒకరోజు మిట్టమధ్యాహ్నం హాలు డాబా ఎక్కి, ఒక కర్ర నిలువుగా పట్టుకుని దాని నీడ చూశాను. నీడ కర్రకు దక్షిణాన పడింది. చిన్నదే, నాలుగు వేళ్ళ పొడవు. కానీ దక్షిణాన. మళ్ళీ చూశాను. కళ్ళు తుడుచుకుని చూశాను. దక్షిణానే.

నీడ దక్షిణాన పడిందంటే సూర్యుడు ఉత్తరాన ఉన్నట్టు. సూర్యుడు ఉత్తరాన ఉంటే పలకలు దక్షిణానికి తిప్పడమేమిటి? ఎక్కడో ఢిల్లీలో కూర్చుని రాసినవాడికి మా ఊరి సూర్యుడి సంగతి ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఆ క్షణంలో నాకు కనిపించిన దృశ్యాలు మీకు చెప్పకూడదు గానీ, వాటిలో ఒక సన్మాన సభ, రెండు పూలదండలు ఉన్నాయి.

ఆ డాబా మీద నేనొక్కణ్ణే లేను. పైడమ్మ కూడా ఉంది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి మా వార్డుకు కోడలిగా వచ్చిన మనిషి. వారం వారం పుట్టింటి వైపు వెళ్ళి ఎండుచేపలు తెచ్చి సంతల్లో అమ్ముతుంది. చెమ్మ తగిలిన నెత్తళ్ళను, రొయ్యపొట్టును మళ్ళీ ఆరబెట్టుకునేందుకు ఎన్నో ఏళ్ళుగా ఆమెకు ఆ డాబాయే ఆధారం. నేను కర్ర పట్టుకుని ఎండలో నిలబడటం చూసి దగ్గరకు వచ్చింది.

"ఏటి మేస్టరు బావూ, ఏటి సూస్తన్నావు?"

విషయం చెప్పాను. సూర్యుడు ఉత్తరాన ఉన్నాడని, పలకలు అటే తిప్పాలని ఇప్పుడే కనిపెట్టానని చెప్పాను. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకసారి పైకి చూసి, దక్షిణం మూలకు చెయ్యి చాపింది.

"ఇప్పుడంటే ఇటున్నాడు బావూ. వరికోతలకి అటెల్లిపోతాడు. ఎప్పుడూ ఒక్కకాడే ఉండేవోడైతే నా తట్టలు ఏడాదికి రెండుసార్లు ఈ మూల నుంచి ఆ మూలకి మోసుకోవడం దేనికి?"

పాఠకులారా, ఫిజిక్సులో ఎమ్మెస్సీ చదివిన నాకు ఉచితంగా, నిలబడిన చోటనే, పూర్తి జవాబు దొరికింది. దాన్ని నేనేం చేశానో చూడండి. ఈవిడ దక్షిణం మూల ఎందుకు చూపిస్తోంది? ఉత్తరం మూల ఈవిడ తట్టలున్న మూల. పలకలు అక్కడికి వస్తే చేపలకు చోటు ఉండదు. అందుకే నన్ను పక్కదారి పట్టిస్తోంది. ఇలా అనుకుని, అన్నీ తెలిసినవాడి నవ్వు ఒకటి నవ్వి, కర్ర చంకలో పెట్టుకుని దిగిపోయాను.

పలకలు బిగించే మేస్త్రి వచ్చాడు. నేను ఉత్తరం వైపు అనగానే పనివాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఇంతవరకు తాము పెట్టినవన్నీ దక్షిణానికే పెట్టామని, తమ దగ్గరున్న కాగితంలో కూడా అలాగే ఉందని మెల్లగా చెప్పాడు. నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అందులో భూమి ఉంది, అక్షాంశాలు ఉన్నాయి, కర్కాటక రేఖ కూడా ఉంది. "నాలుగేళ్ళ నీడ నా కళ్ళతో చూశానయ్యా" అని ముగించాను.

నా ఉద్దేశం నాలుగు వేళ్ళ పొడవు నీడ అని, మా వైపు వేళ్ళను ఏళ్ళనే పలుకుతాం. కింద మెట్ల దగ్గర నిలబడి వింటున్న గౌరి మరోలా అర్థం చేసుకుంది. గౌరి హాలు ఎదురుగా అద్దె గదిలో కుట్టుపని చేసుకునే మనిషి. కరెంటు మిషనుతో కుడుతుంది కాబట్టి ఈ పథకం మీద అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఆమే. మేస్టారు నాలుగు సంవత్సరాల పాటు నీడ మీద పరిశోధన చేశారన్న కబురు ఆమె నోటి నుంచి వార్డంతా పాకింది. నేను ఊళ్ళోకి వచ్చి ఏడాది కూడా కాలేదన్న సంగతి ఎవరికీ తోచలేదు. నా చెవిన పడ్డాక నేను సరిదిద్దానా అంటారా? లేదు. ఆ మాట వినడానికి బాగుంది.

ఆ కబురు మేస్త్రి దాకా వెళ్ళింది. అయినా అతను జాగ్రత్త మనిషి.

"నాలుగేళ్ళు సూసినారంటే మాకేటి సెప్పడానికుంటాది సారూ. ఒక ముక్క రాసిచ్చీండి."

రాసిచ్చాను. పలకలు ఉత్తరముఖంగా బిగించవలసిందిగా సాంకేతిక కారణాల రీత్యా నేనే సూచించితినని, అందుకు పూర్తి బాధ్యత నాదేనని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం చేసి, డిగ్రీలు కూడా చేర్చాను. మున్సిపాలిటీ తరఫున ఈ పని చూసే ఏఈ మేడమ్ ఆ వారం పక్క వార్డులో ఉన్నారు. మేడ మీద నీడపడే చోట్లు మీకే బాగా తెలుస్తాయి, దగ్గరుండి చూసుకోండి అని ఫోనులో నాకే అప్పగించారు. పాపం, ఆవిడ ఉద్దేశం నీళ్ళ ట్యాంకు నీడ గురించి.

ఇక్కడే విధి నాతో ఒక ఆట ఆడింది. తప్పు చేసినవాడికి వెంటనే దెబ్బ తగిలితే కథ అక్కడితో అయిపోయేది. నాకు మాత్రం శాలువా తగిలింది. మొదటి రెండు నెలలూ మా హాలు రీడింగు పక్క వార్డు కంటే కొంచెం ఎక్కువే వచ్చింది. రావాలి కదా, ఆ రోజుల్లో మా ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు నిజంగానే ఉత్తరాన ఉంటాడు. గౌరి బిల్లు తగ్గింది. ఇడ్లీ బండి వాళ్ళ బిల్లు తగ్గింది. పంద్రాగస్టు నాడు హాలు ముందు జెండా ఎగరేశాక కౌన్సిలరు గారు నాకు శాలువా కప్పి, చదువుకున్నవాళ్ళు వార్డుకు ఒకరుంటే ఊరెక్కడికో వెళ్ళిపోతుందన్నారు. నేను పక్క వార్డు మిత్రను పిలిచి, వాళ్ళ పలకలు కూడా ఉత్తరానికి తిప్పించుకోమని సలహా ఇచ్చాను. ఆయన ఆలోచిస్తానన్నాడు. ఆయన బద్ధకస్తుడు కావడం ఆ వార్డు చేసుకున్న పుణ్యం.

దసరా దాటాక రీడింగు దిగడం మొదలైంది. మబ్బులన్నాను. కార్తీకంలో ఇంకా దిగింది. మంచు అన్నాను. మార్గశిరం వచ్చేసరికి పక్క వార్డు రీడింగులో మాది సగానికి కాస్త పైన నిలబడింది. ఇక వాతావరణం మీద నెట్టడానికి వీల్లేకపోయింది, పక్క వార్డు వాతావరణం కూడా అదే కనుక. దుమ్ము అన్నాను. రోజూ కాలేజీకి వెళ్ళేముందు బకెట్టుతో డాబా ఎక్కి పలకలు కడిగేవాణ్ణి. కట్టుకున్న పెళ్ళాం నగలు కూడా అంతగా తోమినవాడు ఉండడు. అవి అద్దంలా మెరిసేవి. కరెంటు మాత్రం పెరగలేదు.

గౌరి బిల్లు మళ్ళీ పాత దారికి వచ్చింది. ఆమె నన్ను నిలదీయలేదు. ఎదురుపడితే, "మేస్టారూ, మిషను మళ్ళీ కాలితో తొక్కుకోమంటారా?" అని మాత్రం అడిగింది. నేను తిన్నగా డాబా ఎక్కి, నెపం మోపడానికి ఒక మరకైనా దొరుకుతుందా అని పలకల మీద వెతికాను. దొరికింది. కాకి రెట్ట.

కాకులు ఎందుకు వస్తున్నాయి? చేపల కోసం. చేపలు ఎవరివి? పైడమ్మవి. నా తర్కం ఎంత వేగంగా పరిగెత్తిందో చూశారా. ఆ సాయంత్రమే మున్సిపాలిటీకి అర్జీ రాశాను. ఎండుచేపల కారణంగా కాకులు గుమిగూడి, పలకలను పాడుచేసి, విద్యుదుత్పత్తికి తీవ్ర ఆటంకం కలిగిస్తున్నాయని రెండు పేజీలు. వారం తిరక్కుండా డాబా మెట్లకు తాళం పడింది. తాళంచెవి నా చేతికి వచ్చింది.

పైడమ్మ పోట్లాటకు రాలేదు. తట్టలు తనే దింపుకుంది. మర్నాటి నుంచి రాజాం రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి నెత్తళ్ళు ఆరబెట్టుకుని, కుక్కలు రాకుండా కర్ర పట్టుకుని పొద్దంతా కూర్చునేది. లారీ వెళ్ళినప్పుడల్లా దుమ్ము లేచి చేపల మీద పడేది. ఇసక తగులుతోందని సంతలో ఆమె చేపలు కొనడం మానేశారని గౌరి చెప్పింది. నేను కాలేజీకి వెళ్ళేటప్పుడు ఆ చోటు రాగానే రోడ్డుకు అవతలి పక్కకు దాటి నడిచేవాణ్ణి. కాకులు మాత్రం డాబా మీదకు వస్తూనే ఉన్నాయి. రీడింగు పెరగలేదు.

చివరికి ఏఈ మేడమ్ వచ్చారు. సంక్రాంతిలోగా పథకం కొనసాగించాలా వద్దా అని నివేదిక రాయాలి. మా వార్డు అంకెలు చూసిన పైవాళ్ళు ఇక దీన్ని ఆపేద్దామంటున్నారట. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఇద్దరం డాబా ఎక్కాం. ఆవిడ ఒక్కసారి పలకల వైపు, ఒక్కసారి ఆకాశం వైపు చూశారు. తర్వాత నన్ను చూసిన చూపు ఇంటర్మీడియెట్ వైవాలో నేను పిల్లలను చూసే చూపులాంటిది.

"మేస్టారూ, ఇలా వచ్చి పలకలకి ఎదురుగా నిలబడండి."

నిలబడ్డాను.

"ఎండ ఎవరి ముఖం మీద పడతంది?"

"నా ముఖం మీదండి."

"పలకలు ఎవరి ముఖం సూస్తన్నాయి?"

"నా ముఖమేనండి."

"ఎండని సూడాల్సిన పలకలకి మీ ముఖంతో ఏటి పనండి?"

పలకల వీపు వెచ్చగా ఎండ కాచుకుంటోంది. వాటి ముఖాలను ఎండ ఏటవాలుగా తాకీ తాకనట్టు దాటిపోతోంది. నా నీడ నా వెనక ఉత్తరాన బారెడు పొడవున పడి ఉంది. ఉత్తరాయణం, దక్షిణాయనం అనే మాటలు నాకు తెలియనివి కావు. మా గదిలో గోడకు వేలాడే క్యాలెండరు మీద కూడా ఉంటాయి. అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణాలు పడేది ఏడాదిలో ఏ కొద్ది రోజులో అని తెలుసు, చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఆ వరసలో నిలబెట్టింది కూడా. మిగతా రోజుల్లో ఎందుకు పడవు అని నేను ఒక్కసారి అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మేస్త్రికి ఫోను వెళ్ళింది. మేస్త్రి కాగితం తీసుకుని వచ్చాడు. నేను రాసిచ్చినది మడత కూడా నలగకుండా దాచాడు. ఏఈ మేడమ్ అది పూర్తిగా చదివి, కింద డిగ్రీల దగ్గర కాసేపు ఆగారు.

ఇంతమంది డాబా ఎక్కడం చూసి పైడమ్మ కూడా వచ్చి మెట్ల మీద నిలబడింది. సూర్యుడు ఏ నెలలో ఎక్కడ ఉంటాడో తెలుసా అని మేడమ్ ఆమెను అడిగారు. పైడమ్మ డాబా అంతా తిరుగుతూ, రోహిణి కార్తెలో తట్ట ఎక్కడ పెట్టేదో, దసరాకు ఎక్కడికి జరిపేదో, వరికోతలకు ఎక్కడ ఉండేదో కాలితో గీసి చూపించింది. ట్యాంకు నీడ ఏ నెలలో ఎంతవరకు వస్తుందో కూడా చెప్పింది. మేడమ్ పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. నేను ఆ పక్కనే నిలబడి, డాబా మీద దూకడానికి అనువైన చోటు ఏదైనా ఉందా అని చూశాను. ఒకటే అంతస్తు. ప్రయోజనం లేదు.

తాళంచెవి పైడమ్మ చేతిలో పెట్టి, తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"నా మీద కాయితం రాసినావు, సరే. నా సేపలకి ఇసక తగిలింది, అదీ సరే. మరి కాకులేటి సేసినాయి బావూ నిన్ను? అది తప్పని ఇంకో కాయితం రాయి. రాసి అందరి ముందరా సదువు."

మూడు రోజుల్లో పలకలు దక్షిణానికి తిరిగాయి. వాటి మధ్య చేపల తట్టలకు దారి వదిలారు, ఎక్కడెక్కడ వదలాలో పైడమ్మే చెప్పింది. రీడింగు లేచి పక్క వార్డుతో సమానంగా నిలబడింది. తప్పు పథకానిది కాదు, దిక్కుదని మేడమ్ నివేదిక రాశారు. దిక్కు అని మర్యాదకు రాశారు. అసలు మాట ఏమిటో నాకు తెలుసు, ఆవిడకు తెలుసు.

వార్డు సభ పెట్టారు. కమిషనరు గారు వచ్చారు. మిగతా వార్డుల్లో కూడా అద్దె ఇళ్ళవాళ్ళకు, పెంకుటిళ్ళవాళ్ళకు ఉమ్మడి పలకలు పెడుతున్నామని చెప్పారు. గౌరి ముందు వరసలో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత నన్ను పిలిచారు. నేను లేచి, "ఇందుమూలంగా విన్నవించునది ఏమనగా, మన వార్డులోని కాకులు నిర్దోషులు" అని చదవడం మొదలుపెట్టాను. అంతే, తర్వాతి వాక్యం ఎవరికీ వినిపించలేదు. వెనక వరసల్లో నా క్లాసు పిల్లలు నలుగురైదుగురు ఉన్నారన్న సంగతి ఆ నవ్వుల్లోనే తెలిసింది. అయినా చివరిదాకా చదివాను. నాలుగేళ్ళ నీడంటే నాలుగు వేళ్ళ నీడని కూడా విడమరిచి చెప్పాను. గౌరి నవ్వడం ఆపి, తన నాలుగు వేళ్ళు చాపి వాటినే చూసుకుంది.

నేను మిత్ర పదవి వదులుకుంటున్నానని, నా స్థానంలో పైడమ్మను పెట్టమని కోరాను. పైడమ్మ కంగారుగా లేచింది.

"అయ్యో, నాకు సదువు రాదు బావూ."

కమిషనరు గారు నా వైపు ఒకసారి చూసి మైకు దగ్గరకు జరిగారు.

"మేస్టారికి వచ్చు కదమ్మా. సూసేం కదా."

ఆ రోజు నుంచి మా వార్డు సౌర మిత్ర పైడమ్మ. ఆమె చెబుతుంది, నేను రీడింగు పుస్తకంలో రాసిపెడతాను. కొత్త వార్డుల్లో పలకలు పెట్టేముందు ఏఈ మేడమ్ జీపు ఆమె ఇంటి ముందు ఆగుతుంది. నన్నూ ఎక్కించుకుంటారు గానీ, టేపు కొస పట్టుకోవడానికి.

కాబట్టి మీ అందరి సాక్షిగా, తూర్పుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. అది తూర్పే, ఇద్దర్ని అడిగి ఖాయం చేసుకున్నాను. ఒక మధ్యాహ్నం చూసినదాన్ని ఇకమీదట పన్నెండు నెలలకూ సిద్ధాంతం చేయను. నోరులేని పక్షుల మీద అర్జీలు రాయను. ఎండ గురించి పైడమ్మ ఏదైనా చెబితే, చేతులు కట్టుకుని విని, అలాగేనమ్మా అంటాను తప్ప ఇంకొక్క మాట మాట్లాడను.

వాన విషయంలో మాత్రం ప్రస్తుతానికి నా అభిప్రాయాలు నాకున్నాయి.